కంప్యూటర్ పాఠం ‘క’ దగ్గర మొదలెట్టండి

సంపాదకులు గారికి,

మీ విద్యార్థి పేజీలో కంప్యూటర్ సైన్స్ తొలి పాఠం చదివాను. కంప్యూటర్‌కి ఆద్యుడని చెప్పే బాబేజీ దగ్గర మొదలై కంప్యూటర్ తరాల పట్టిక దాకా వెళ్ళింది గానీ, ‘క’ కొడితే లోపల ఏం జరుగుతుందో ఎక్కడా లేదు. పైగా సున్నా, ఒకటి రెండే అంకెలతో లెక్కపెట్టే బైనరీకి ‘ద్విసంఖ్యామానం’ అట! వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ మాట చూస్తే కోపం రాదూ?

పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. నాకు అసలు పాఠం నేర్పింది ఓ శుభలేఖ. పాత ఫాంటులో కొట్టి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే, బరంపురంలో ప్రెస్సువాళ్ళకి అంతా ఇంగ్లీషు అక్షరాల కలగూరగంపలా కనబడింది. పెళ్ళివారికి టెన్షన్, నాకు చివాట్లు. ఫైలు మాత్రం బాగానే ఉంది. అందులో ఉన్నవి నంబర్లే. వాటికి నా ఫాంటు తెలుగు బొమ్మలు వేసేది, అక్కడ ఆ ఫాంటు లేదు.

ఈ గొడవ లేకుండా అన్ని భాషల లిపులకీ కలిపి పెట్టిన ప్రమాణం యూనికోడ్. అందులో ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది. తెలుగు ‘క’ 3093. మా పిల్లలు బడిలో రాసే ఒడియా ‘క’ 2837. తేడా సరిగ్గా 256. ‘గ’కీ అంతే, ‘మ’కీ అంతే. ఇస్కీ అనే మన దేశ ప్రమాణం లిపులన్నిటినీ ఒకే వరసలో పేర్చింది, యూనికోడ్ ఆ వరసే తీసుకుంది. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు కాబట్టి ఆ స్థానాలు ఖాళీ.

మనవరాలికి చింతపిక్కలతో చూపించాను. ఎనిమిది గళ్ళు గీసి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని రాశాను. పిక్క ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. 16, 4, 1 గళ్ళలో పిక్కలు పెడితే 21. రెండు లిపుల్లోనూ ‘క’ చోటు అదే. దానికి ఎడమపక్క ఇంకో ఎనిమిది గళ్ళు, అక్కడ ఎంత వస్తే అన్ని 256లు. వాటిలో 12 ఉంటే తెలుగు, 11 ఉంటే ఒడియా. ఎడమ వరసలో 4 మీది పిక్క తీసి, 2, 1 మీద చెరొకటి పెట్టిందో లేదో, “తాతా, ఒడియా అయిపోయింది!” అని అరిచింది. ‘క్షి’ కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే గుడి ఒక్కటే ఎందుకు పోతుందో కూడా తనే చెప్పింది: క, పొల్లు, ష, గుడి, మొత్తం నాలుగు నంబర్లు.

వచ్చే వారం ఆ తరాల పట్టిక ఆపి, ఆ చోట ఎనిమిది గళ్ళు అచ్చు వేయండి. చింతపిక్కలు పిల్లలే తెచ్చుకుంటారు.

— ఓ డీటీపీ షాపు తాత,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా