చిన్ని స్కేట్ల గురించి అక్కకు

బెర్లిన్,
ఆదివారం

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. చిన్ని పుట్టినరోజుకు ఇన్‌లైన్ స్కేట్లే, అంటే చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండేవే, కావాలని పట్టుబట్టిందనీ, ఏవి కొనాలో తెలియడం లేదనీ అన్నావు. ఫోనులో చెప్పినవి దుకాణంలో గుర్తుకు రావు. అందుకే ఇదంతా రాస్తున్నాను, వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళు.

అన్నిటికంటే ముఖ్యం సైజు. పెరిగే పిల్ల కదా అని పెద్దవి కొనవద్దు. మన బడి బూట్లు రెండేళ్ళు రావాలని అమ్మ పెద్దవి కొని ముందు దూది కుక్కేది. నడకకు అది సరిపోయింది, స్కేట్లకు సరిపోదు. లోపల మడమ కదిలితే చీలమండ పక్కకు ఒరిగిపోతుంది, పిల్ల నిలబడనే లేదు. చిన్నిని కాగితం మీద, మడమ గోడకు ఆనేలా నిలబెట్టి, పొడవైన వేలి దగ్గర గీత గీసి సెంటీమీటర్లలో కొలువు. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, అప్పుడు కొలవడం మేలు. దుకాణంలో మేజోళ్ళతో తొడిగి మోకాళ్ళు వంచమను. మడమ పైకి లేవకూడదు, వేళ్ళు ముందు భాగానికి తగిలీ తగలనట్టు ఉండాలి. మళ్ళీ మళ్ళీ కొనాలన్న బెంగ ఉంటే, మీట నొక్కి మూడు నాలుగు సైజుల దాకా పొడవు పెంచుకునే రకాలు దొరుకుతాయి. నేనైతే అవే తీసుకుంటాను.

చీలమండను పట్టి ఉంచే పైభాగాన్ని చేత్తో పక్కలకు వంచి చూడు. సులువుగా వంగితే అది ఆటబొమ్మ, ఎంత చవకైనా వద్దు. చక్రాలు గట్టి ప్లాస్టిక్‌వి కాకుండా, రబ్బరులా కాస్త మెత్తగా ఉండే పాలీయురిథేన్‌వి కావాలి. వాటి మీద 80ఏ, 82ఏ అంటూ గట్టిదనాన్ని తెలిపే అంకె ఉంటుంది. చిన్ని వయసుకు 70 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉన్న చక్రాలు చాలు. చక్రం తేలిగ్గా తిరగడానికి లోపల బేరింగులు ఉంటాయి. అవి ఎంత కచ్చితంగా తయారయ్యాయో చెప్పే ఏబీఈసీ అంకె పెద్దదని ధర పెంచి చెబితే పట్టించుకోకు, నేర్చుకునే పిల్లకు దానితో పని లేదు. మడమ వెనక బ్రేకు ఉండి తీరాలి.

లైట్లు వెలిగే చక్రాల మీద డబ్బు మిగల్చు కానీ, రక్షణ సామగ్రి మీద మిగల్చవద్దు అక్కా. పడబోయే పిల్లలు చేతులే ముందు చాపుతారు, అందుకే దెబ్బ ఎక్కువగా మణికట్టుకే తగులుతుంది. మోకాలి, మోచేతి ప్యాడ్లతో పాటు మణికట్టు గార్డులు కూడా కొను. హెల్మెట్ నుదుటిని కప్పాలి, కనుబొమలకు పైన రెండు వేళ్ళ ఎడమే ఉండాలి. ఇంటి ముందు ఐదు నిమిషాలే అన్నా సరే, ఇవన్నీ తొడగందే స్కేట్లు ఇవ్వవద్దు.

ఇక్కడ టెంపెల్‌హోఫ్ అనే పాత విమానాశ్రయం ఉంది. 2008లో విమానాలు ఆగిపోయాయి, 2010లో దాన్ని ప్రజలకు ఉద్యానవనంగా తెరిచారు. సుమారు రెండు కిలోమీటర్ల రన్‌వే మీద పిల్లలు స్కేటింగ్ చేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు పిల్లలను ముందు పక్కనున్న గడ్డిలోకి తీసుకెళ్ళి పడటం నేర్పుతారు. మోకాళ్ళు వంచి, ముందుకు, ప్యాడ్ల మీదకు పడాలి. వెనక్కి పడకూడదు. ఆ తరువాత ఆగడం: బ్రేకున్న కాలు ముందుకు జరిపి, వేళ్ళ వైపు ఎత్తి, మడమతో నొక్కాలి. ఈ రెండూ వచ్చాకే వేగం. చిన్నికీ ఇదే వరుసలో నేర్పించు.

మన విశాఖ బీచ్ రోడ్డులో ఉదయం పూట వాహనాలు ఆపుతారు కదా అని అక్కడికి తీసుకెళ్ళవద్దు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మీద చక్రం జారుతుంది, బేరింగులూ పాడవుతాయి. వానకు తడిసిన నేల, మన వీధి చివరి వాలు కూడా వద్దు. వుడా పార్కులోని స్కేటింగ్ రింకుకు తీసుకెళ్ళి, అక్కడి కోచ్‌తో మాట్లాడు. కొందరు కోచ్‌లు మొదట ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే క్వాడ్ స్కేట్ల మీదే నేర్పుతారు, కాబట్టి కొనేముందే అడుగు.

పాదం కొలత, దుకాణంలో చూపిన స్కేట్ల ఫోటో వాట్సాప్‌లో పంపితే చూసి చెబుతాను. బావగారికి నా నమస్కారాలు, చిన్నికి ముద్దులు.

నీ తమ్ముడు