మూసీ ఒడ్డున రెండు ఆదివారాలు – కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మెడికల్ క్యాంపు, మొక్కలు నాటడం, బతుకమ్మ సంబరాలు ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు కోశాధికారి గారి నివేదికలో ఉన్నాయి. కొత్తగా చేసిన పని ఒకటుంది. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ మన హైదరాబాదులో కట్టించిన భవనాలను పిల్లాపెద్దా కలిసి చూసి వచ్చాం.

కోల్‌కతా విక్టోరియా మెమోరియల్ పనులు చూసిన ఎష్‌ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇక్కడికి పిలిపించారు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత నగరాన్ని మళ్లీ కట్టుకుంటున్న రోజులవి.

మొదటి ఆదివారం కాచిగూడ స్టేషన్‌కి వెళ్లాం. 1916 నాటిది. ఎన్నిసార్లు అక్కడ రైలెక్కామో లెక్కలేదు, ఆ గుమ్మటాలను, మినార్లను తీరిగ్గా చూసింది మాత్రం అదే మొదటిసారి. తర్వాత హైకోర్టు. సెలవురోజు కదా, ముందుగా అనుమతి అడగాల్సింది, అడగలేదు. ఆ పొరపాటు కార్యవర్గానిదే. 1920లో ప్రారంభమైన ఆ ఎర్రరాతి భవనాన్ని నయాపూల్ మీంచే చూశాం. పక్కనున్న సిటీ కాలేజీ 1921 నాటిది, దాన్నీ బయటినుంచే చూశాం.

రెండో ఆదివారమంతా ఉస్మానియా ఆసుపత్రికే సరిపోయింది. అఫ్జల్‌గంజ్‌లో అంతకుముందున్న ఆసుపత్రి ఆ వరదలోనే పోయింది. 1925లో ఇది తయారైంది. 2020 జులైలో వార్డుల్లోకి నీళ్లొచ్చాక పాత భవనం ఖాళీ చేశారు. మాతో వచ్చిన ఒక పెద్దావిడ పుట్టింది అందులోనే. గోడల్లోంచి మొలిచిన రావి మొక్కలు చూసి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఆవరణలోని చింతచెట్టు దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి వరద కథ చెప్పాం. దాదాపు 150 మంది ఆ కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఊరిని ముంచిన ఏటి ఒడ్డునే కోర్టు, బడి, ఆసుపత్రి ఎందుకు కట్టారో అక్కడ నిలబడితే పిల్లలకి చెప్పకుండానే అర్థమైంది.

పాత భవనాన్ని కూల్చకుండా మరమ్మతు చేయించాలని సభ్యుల సంతకాలతో ప్రభుత్వానికి వినతిపత్రం పంపాం. సంతకం చేయనివారు ఈ సమావేశంలో చేయగలరు, రెండో ప్రతి కూడా పంపుతాం.

వచ్చే ఏడాది ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ చూడాలనుకుంటున్నాం. ఈసారి అనుమతి ముందే తీసుకుంటాం. వచ్చేవారు పేర్లు ఇవ్వగలరు.

కార్యదర్శి