మావాడు మొండివాడు కాదు: విద్యాశాఖ మంత్రి గారికి ఒక తల్లి లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతాడు. మా అబ్బాయికి ఏడేళ్లు, సర్కారు బడిలో రెండో తరగతి. ఎంత అనుకున్నా కుదురుగా కూర్చోలేని వాడిలాంటి పిల్లల కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. వాడి పేరు ఇక్కడ రాయడం లేదు. పెద్దయ్యాక ఈ ఉత్తరం చదివితే వాడు నొచ్చుకోకూడదు.

2024 డిసెంబరు 7న మీరు రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టించారు. ఆ రోజు పని పక్కనపెట్టి, మంచి చీర కట్టుకుని నేనూ పోయినాను. బడి ముందర ముగ్గులు వేసి పండగలాగా ఉంది. నా వంతు వచ్చినప్పుడు టీచరమ్మ పదిమంది తల్లుల ముందే, "మీవాడు ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడమ్మా. పక్కోళ్లను కూడా చెడగొడతాడు. ఇంట్లో కొంచెం భయం పెట్టండి" అన్నది. అప్పుడు వాడికి ఆరేళ్లు. నా పక్కనే నిలబడి నా కొంగు చివర నములుతున్నాడు. ఇంటికొచ్చి వాడిని కొట్టినాను. ఏడ్చి ఏడ్చి, ఎక్కిళ్ల మధ్యలో వాడు అన్నాడు: "మా, నేను కూర్చోవాలనే అనుకుంటానుమా. కాళ్లే లేస్తాయి."

ఆ మాటే నన్ను ఈ ఉత్తరం దాకా తీసుకొచ్చింది.

అంతకు ముందు సంవత్సరం ఒక ప్రైవేటు బడిలో యూకేజీ చేర్చాం. ఏడాది తిరగకముందే "వేరే బడి చూసుకోండి" అన్నారు. మా అత్త దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. చుట్టాలు గారాబం ఎక్కువైందన్నారు. సెల్‌ఫోన్ వల్ల అన్నవాళ్లూ ఉన్నారు. ఆయనకూ నాకూ మధ్య దీనిమీద ఎన్ని గొడవలో!

వాడు రాసుకోవడం ఒకసారి దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది సార్. పలక కాదు, నోటుబుక్కు. ఒక వరుస "తల" అని రాయాలి. మొదటి రెండు ముత్యాల్లా ఉంటాయి. మూడోదానికి పెన్సిల్ కొన కొరుకుతాడు. నాలుగోది సగంలో ఉండగా వీధిలో గ్యాస్ బండి గంట వినిపిస్తుంది, లేచి గుమ్మం దగ్గర ఉంటాడు. పిలిస్తే వస్తాడు, కూర్చుంటాడు, ఎక్కడ ఆపాడో వెతుక్కుంటాడు. ఒక్క వరుసకు ముప్పావు గంట. చివరికి ఆ వరుస పూర్తయితే వాడి ముఖం చూడాలి, ఏదో కొండ ఎక్కి దిగినట్టు! మరుసటి రోజు బడిలో దానికి పడేది "అక్షరాలు బాగాలేవు" అని ఎర్రగీత.

మా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక నర్సమ్మ వీడిని చూసి, "ఒకసారి చెవులు, కళ్లు చూపించు. తర్వాత పిల్లల మనసు డాక్టరును కలువు" అని చెప్పింది. రెండేళ్లలో మాకు దారి చెప్పిన మొదటి మనిషి ఆమే. ఒకరోజు పని వదులుకుని, తెల్లారి బస్సెక్కి తమిళనాడులోని వేలూరు ఆసుపత్రికి పోయినాం. నూరు కిలోమీటర్లు పైనే. అక్కడ ముందు చెవులు, చూపు పరీక్షించారు. తర్వాత గంటసేపు ప్రశ్నలు. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు? ఇంట్లోనేనా, బడిలో కూడానా? నిద్ర ఎలా ఉంటుంది? ఆరు నెలలకు పైగా, ఒకచోట కాకుండా ఇంట్లోనూ బడిలోనూ ఇలాగే ఉంటేనే దీన్ని లెక్కలోకి తీసుకుంటారట. ఏడీహెచ్‌డీ అన్నారు. మనసు నిలపడం, కాళ్లూ చేతులూ అదుపులో పెట్టుకోవడం, వంతు వచ్చేదాకా ఆగడం, ఇవి ఆ వయసు పిల్లల కంటే వీడికి చాలా కష్టం. పెంపకం లోపం వల్ల వచ్చేది కాదు, చాలా వరకు పుట్టుకతో వచ్చేది. ఆ డాక్టరమ్మ ఇవన్నీ చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. అంతవరకూ నేను వాడిని కొట్టిన ప్రతి దెబ్బా గుర్తొచ్చింది.

చిన్నపిల్లలకు, ముఖ్యంగా ఆరేళ్లలోపు వాళ్లకు, మొదటి వైద్యం మాత్ర కాదని, అమ్మానాన్నలకు నేర్పించడమేనని ఆమె చెప్పారు. ఇంకొంచెం పెద్దవాళ్లకు అవసరాన్ని బట్టి మందు కూడా ఇస్తారు, దానితో కుదుటపడే పిల్లలు చాలామందే ఉన్నారు. మాకు ముందు నేర్పించారు. ఒకేసారి ఒక్క పని చెప్పడం. చెప్పేముందు దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేయడం. తప్పును అరిచే కన్నా, చేసిన మంచిని వెంటనే మెచ్చుకోవడం. ఖాళీ హార్లిక్స్ సీసా ఒకటి అలమరలో పెట్టినాం. చెప్పులు సరిగా విడిస్తే ఒక చింతగింజ, ఒక వరుస రాస్తే ఒక చింతగింజ. ఇరవై అయితే వాళ్ల నాన్న ఆటోలో రైల్వే స్టేషనుకు తీసుకుపోయి రైళ్లు చూపిస్తాడు. మొదటి వారం సీసాలో ఏడు గింజలు. ఇప్పుడు వారానికి ఇరవై దాటుతున్నాయి. వాడే లెక్కపెట్టుకుంటాడు, ఆ లెక్కపెట్టేటప్పుడు కదలకుండా కూర్చుంటాడు సార్!

ఇదంతా మా సొంత గోడు అనుకోవద్దు. ప్రపంచంలో ఎక్కడ చూసినా నూరుమంది పిల్లల్లో సుమారు ఐదుగురికి ఇది ఉంటుందని వైద్యులు అంటారు. అంటే నలభైమంది ఉన్న తరగతిలో ఒకరో ఇద్దరో. గోల చేసే మగపిల్లలు కంటికి కనిపిస్తారు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఏమీ వినిపించుకోని ఆడపిల్లలు ఎవరికీ కనపడరు. వాళ్లను "మొద్దు" అని వదిలేస్తారు.

కాగితం మీద లేనిది కాదు ఇది. కేంద్రం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పిల్లలను పరీక్షించి గుర్తించాల్సిన సమస్యలు 30. అందులో ఏడీహెచ్‌డీ ఉంది. కానీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో దీని పేరు లేదు. ఆటిజం ఉంది, చదవడం రాయడంలో ఇబ్బంది ఉంది, ఇది లేదు. ఆరోగ్యశాఖ జాబితాలో ఉన్న పిల్లవాడు వైకల్యం సర్టిఫికెట్ దగ్గరికి వచ్చేసరికి మాయమవుతాడు. తరగతి గదిలో మాత్రం అల్లరివాడుగా మిగులుతాడు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు అంటుంది. మావాడిని చేతులు పైకెత్తి వరండాలో నిలబెట్టిన రోజులు ఉన్నాయి. నేను టీచర్లను నిందించడం లేదు. ఒక్కరే రెండు తరగతులు చూసుకుంటూ, మధ్యలో ఫోనులో యాప్‌లు నింపుకుంటూ ఉంటే, కదిలే పిల్లవాడి మీద విసుగు రాకుండా ఎలా ఉంటుంది? వాళ్లకు ఎవరైనా చెబితే కదా తెలిసేది.

అందుకే అడుగుతున్నాను. చుట్టుపక్కల బడుల టీచర్లందరినీ ఒకచోట చేర్చి మీరు ఎలాగూ స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు పెడతారు. అందులో ఒక్క పూట దీనికి ఇవ్వండి. ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టడం, లెక్కలు పది ఒకేసారి కాకుండా మూడు మూడుగా ఇవ్వడం, మధ్యలో బోర్డు తుడవమనో చాక్‌పీసు తెమ్మనో లేపడం, ఇవేవీ డబ్బుతో పనిలేనివి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. నెలకు రెండు పూటలు అక్కడ మాలాంటి తల్లిదండ్రులను కూర్చోబెట్టి, మన తెలుగులో, నాకు వేలూరులో నేర్పినవి నేర్పించండి. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గరే. సత్యవేడు నుంచో, వెంకటగిరి నుంచో కూలికి పోయే తల్లి ఎక్కడికి పోతుంది? మా తిరుపతికి గుండెకు, ఎముకలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 2021లో చిన్నపిల్లల గుండెకు వేరేగా ఆసుపత్రే వచ్చింది. అది చూసి గర్వపడతాను. పిల్లల మనసుకు కూడా అంత సులువుగా దారి దొరకాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి బడి గోడ మీద, ప్రతి ప్రోగ్రెస్ కార్డు వెనకాల అచ్చు వేయించండి. ఇంకొకటి, ఆరోగ్యశాఖ మంత్రి గారితో కూర్చుని, ఆ 30 సమస్యల జాబితాను మీ టీచర్లకు చేర్చండి. చట్టంలో ఈ పేరు చేర్చమని రాష్ట్రం తరఫున కేంద్రానికి రాయండి.

జూన్‌లో బడులు తెరుస్తారు. మావాడు మూడో తరగతికి పోతాడు, కొత్త టీచరు వస్తారు. ఆ టీచరుకు ఇవ్వడానికి నేనొక కాగితం రాసి పెట్టుకున్నాను: వీడికి ఏది కష్టం, ఏది చేస్తే వింటాడు, ఏ పాట పాడితే నవ్వుతాడు. నేను పదో తరగతి దాకా చదివినాను కాబట్టి రాయగలిగాను. మా వీధి చివర ఇంకో పిల్లవాడు ఉన్నాడు, అచ్చం మావాడిలాగే. వాళ్లమ్మకు రాయడం రాదు. ఆమె చేతిలో పెట్టాల్సిన కాగితం మీ శాఖ నుంచి రావాలి సార్, జూన్ లోపల.

ఇట్లు,
ఒక తల్లి
కొర్లగుంట, తిరుపతి