సోమవారం నుంచి పిట్టల వారం

అందరికీ నమస్కారం. సమ్మర్ క్యాంప్‌లో వచ్చే వారమంతా పక్షులు చూడటమే పని. సోమ, మంగళ కేబీఆర్ పార్క్, బుధ, గురు అమీన్‌పూర్ చెరువు, శుక్రవారం అనంతగిరి. పొద్దున్న 5:30కే బస్సు కదులుతుంది. తొమ్మిది దాటితే పిట్టలూ నీడ చూసుకుంటాయి, మనమూ వాడిపోతాం.

మే నెలలో వలస పక్షులు ఉండవని కొందరు నిరాశపడ్డారు. నిజమే, చలికాలంలో వచ్చే బాతులు ఎప్పుడో వెళ్ళిపోయాయి. కానీ కోయిలల సంగతి చూడాలంటే ఇదే అదను. నల్లగా, ఎర్ర కళ్ళతో కూసేది మగది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, పిల్లలు దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. అది కాకి గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది. అందుకే కాకి గూడు కనిపిస్తే కాసేపు అక్కడే నిలబడదాం. గిజిగాడు జోరుగా గూళ్ళు అల్లేది వానలు పడ్డాకే, ఇప్పుడైతే పాత గూళ్ళు దొరకొచ్చు. పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి కదా, పిల్లల్ని కరెంటు తీగల మీద ఓ కన్నేయమనండి.

మట్టిరంగు బట్టలు, టోపీ, బూట్లు, లీటరు నీళ్ళు, చిన్న నోట్‌బుక్ చాలు. బైనాక్యులర్స్ కొనొద్దు, క్యాంప్‌లో ఆరు ఉన్నాయి, వంతులవారీగా చూస్తారు. ఫోన్‌లో పిట్ట కూతలు పెట్టి పిలవడం మాత్రం కుదరదు, గూడు కట్టుకునే కాలంలో వాటికి అదో టెన్షన్. పోయినసారి ఒకబ్బాయి సెంటు కొట్టుకొచ్చాడు, తేనెటీగలు వెంటపడ్డాయి! సెంటు వద్దు.

అనంతగిరికి వచ్చేవాళ్ళు రేపు సాయంత్రంలోగా పేర్లు ఇక్కడే పెట్టండి.