మద్రాసు రేవు దాటిన గయానా కథ

సంపాదకులకు నమస్కారం.

దక్షిణ అమెరికా దేశాలను పరిచయం చేస్తూ మీరు ప్రచురిస్తున్న వ్యాసాలలో గయానా వంతు వచ్చినప్పుడు, చమురు కబుర్లతోనే పరిచయం ముగిసిపోయింది. అందులో రాసినది నిజమే. 2015లో ఎక్సాన్‌మొబిల్ సంస్థ అక్కడి సముద్రగర్భంలో చమురు కనుగొన్నది, 2019 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది, 2022 ఒక్క ఏడాదిలోనే ఆ దేశ ఆర్థిక వ్యవస్థ అరవై శాతానికి పైగా పెరిగింది. అయితే చెన్నైలో ఉన్న తెలుగు పాఠకులకు ముందుగా చెప్పవలసిన సంగతి వేరే ఉంది: ఆ దేశానికి మన రేవు నుంచి కూడా మనుషులు వెళ్ళారు.

బ్రిటిష్ వలసలలో బానిసత్వం ముగిసి 1838లో ఆఫ్రికన్లు పూర్తిగా విముక్తులు కావడంతో, నేటి గయానాలోని డెమెరారా, బెర్బీస్ ప్రాంతాల చెరకు తోటల యజమానులు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించుకొన్నారు. ఆ ఏడాది మే 5న కలకత్తా నుంచి మొదటి ఓడలు చేరాయి. ఆ తేదీ నేటికీ అక్కడ సెలవుదినం. 1917లో ఈ పద్ధతి ఆగేలోగా వెళ్ళిన సుమారు 2,39,000 మందిలో అత్యధికులు ఉత్తరాది వారే అయినా, మద్రాసులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు కూడా వేలల్లో ఉన్నారు. వారి సంతతి ఇప్పుడు మాట్లాడేది ఇంగ్లీషు, దాని నుంచి పుట్టిన స్థానిక వాడుక భాష క్రియోల్. భాష పోయినా మారియమ్మ పోలేదు. వేపమండలు, డప్పు, పూనకంతో అమ్మవారి కొలువు అక్కడ ఇంకా సాగుతున్నది. 2015 నుంచి 2020 వరకు ప్రధానమంత్రిగా ఉన్న మోజెస్ నాగముత్తు ఈ మద్రాసు సంతతివారే. వెస్టిండీస్ తరఫున టెస్టులాడిన స్పిన్నరు వీరసామి పెర్మాల్ కూడా గయానీయుడే. ఆ పేరు పెట్టి తిరువొత్తియూరు వీధిలో కేక వేస్తే ఇద్దరైనా పలుకుతారు.

నేటి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దదైన ఆ దేశంలో జనాభా ఎనిమిది లక్షలకు అటూఇటూ మాత్రమే. లోపలి భాగమంతా దాదాపు అడవి. పొటారో నది 226 మీటర్ల ఎత్తు నుంచి ఒక్క ఉరుకున దూకే కైటియూర్ జలపాతం ఆ అడవిలోనే ఉంది. జనం మాత్రం పోటు మట్టం కన్నా పల్లంగా ఉన్న సన్నని తీరపట్టీలో నివసిస్తారు. డచ్చివారి కాలంలో బానిసలు తవ్విన కాలువల మీద, పోటులో తూము తలుపులు దించి ఆటులో ఎత్తే ఏర్పాటు మీద ఆధారపడి అక్కడ వరి, చెరకు పండుతున్నాయి. చమురు ధనం ఎంత వచ్చినా ఈ తూములు, సముద్రపు గోడ నిలిస్తేనే రాజధాని జార్జిటౌన్ నిలుస్తుంది. దేశ విస్తీర్ణంలో మూడింట రెండు వంతులైన ఎస్సెకీబో ప్రాంతం తనదని వెనెజువెలా వాదిస్తున్న విషయాన్ని కూడా మీ వ్యాసం స్పృశించలేదు. 1899 నాటి సరిహద్దు మధ్యవర్తుల తీర్పుపై మొదలైన ఆ తగవు అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళింది.

వలస పాసులలో కూలీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా రాసే పద్ధతి ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ దస్త్రాలు ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖాగారంలో ఉన్నాయి. గయానా వెళ్ళిన తెలుగువారు ఏ జిల్లాల నుంచి బయలుదేరారో ఆ దస్త్రాలలో వెదికించి, ఈ వ్యాసానికి రెండో భాగం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై