ఆర్థిక మంత్రి గారూ, మా కింది ఫ్లాట్ ఆవిడ ఓటు గురించి

జర్మనీ ఆర్థిక మంత్రి లార్స్ క్లింగ్‌బైల్ గారికి,

నమస్కారం. నేను తూర్పు జర్మనీలోని కెమ్నిట్స్‌లో ఎనిమిదేళ్ళుగా ఉంటున్న తెలుగువాడిని. చదువు, ఉద్యోగం, కట్టే టాక్స్ అన్నీ ఇక్కడే. ఈ ఉత్తరం జర్మన్‌లో మీ ఆఫీసుకు పంపాను. తెలుగులోనూ ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు ఈమధ్య ఫీజుల కంటే ముందు "అక్కడ భయం లేదా అన్నా" అని అడుగుతున్నారు.

భయం ఉంది. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే అతి మితవాద పార్టీ ఏఎఫ్‌డీకి దేశమంతటా 20.8 శాతం వచ్చింది, అంతకుముందు వచ్చినదానికి రెట్టింపు. మా సాక్సనీ రాష్ట్రంలో 37 శాతం దాటింది. మా కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ కూడా వాళ్ళకే వేశారు. ఆవిడే చెప్పారు. మా పాప పుట్టినప్పుడు వారం రోజులు సూప్ చేసి తెచ్చిన మనిషి. "మీలాంటివాళ్ళ మీద కోపం కాదు" అన్నారు, నాకు నోట మాట రాలేదు.

ఆవిడ పనిచేసిన మెషిన్ల ఫ్యాక్టరీ 1991లో మూతపడింది. ఆ వయసువాళ్ళ దగ్గర ట్రాయ్‌హాండ్ (తూర్పు జర్మనీ ప్రభుత్వ కంపెనీలను ప్రైవేటుకు అమ్మడానికి పెట్టిన ఏజెన్సీ) పేరెత్తితే ఇప్పటికీ గొంతు మారిపోతుంది. దాదాపు 40 లక్షల మంది పనిచేసే సంస్థలు ఆ ఏజెన్సీ చేతికి వస్తే, 1994 చివర్లో అది మూసేనాటికి మిగిలినవి సుమారు 15 లక్షల ఉద్యోగాలే. ఆ తర్వాత ఆవిడ దొరికిన పనల్లా చేశారు, అందుకే పెన్షన్ తక్కువ. 2022లో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు చలికాలమంతా ఒక్క గదిలోనే హీటర్ వేసుకున్నారు. కొడుకు కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు, ఫోక్స్‌వ్యాగన్ 2030కల్లా 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గిస్తుందన్న వార్త వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో అదే టెన్షన్.

కష్టాలుంటే చాలు అటే వేస్తారని నేను అనను. బాగా ఉన్నవాళ్ళూ వేశారు. 2018లో ఇదే ఊళ్ళో విదేశీయుల మీద దాడి చేసినవాళ్ళది ద్వేషమే, దాన్ని నేను క్షమించను. కానీ పోయిన ఎన్నికల సర్వేలో కార్మికుల్లో 38 శాతం ఏఎఫ్‌డీకి వేశామన్నారు. కార్మికుల పార్టీగా పుట్టిన ఎస్‌పీడీకి నాయకులు మీరు, ఈ అంకె మీకు నిద్ర పట్టనివ్వకూడదు. 1930 నుంచి చాన్సలర్ బ్రూనింగ్ జీతాలు, నిరుద్యోగ భృతి కోసుకుంటూ పోయాడు, 1928లో 2.6 శాతం ఉన్న నాజీలు 1932 జులైకి 37 శాతం దాటారు. ఇదంతా మీరు బడిలో చదువుకున్నదే.

2025 మార్చిలో రాజ్యాంగం మార్చి మౌలిక వసతుల కోసం 50,000 కోట్ల యూరోల నిధి పెట్టారు కదా, దాన్ని బడ్జెట్ లోటు పూడ్చడానికి వాడకండి. ఆవిడ చెల్లెలు ఉండే ఊరికి సాయంత్రం 6 దాటితే బస్సు లేదు, డాక్టరు రిటైరయ్యాక ఆ క్లినిక్ మళ్ళీ తెరవలేదు. వలస వచ్చినవాళ్ళ గురించి మీ ప్రభుత్వం ఇంకా కటువుగా మాట్లాడినంత మాత్రాన ఆ బస్సు రాదు, ఆ డాక్టరూ రాడు. ముందు ఆ ఊళ్ళకు డబ్బు పంపండి. బస్సు ఎప్పటినుంచి తిరుగుతుందో నాకు రాయండి, కిందికి వెళ్ళి ఆవిడకు నేనే చదివి వినిపిస్తాను.