ఆశా అక్కకు, ఇంకొందరికి మా ఇంటి నుంచి కృతజ్ఞతలు

అమ్మ టీబీ మందుల కోర్సు పోయిన వారం అయిపోయింది. టీబీ అని బయట చెప్పుకోవడానికి మొదట్లో మేమూ జంకినవాళ్లమే. ఇప్పుడు అమ్మే "రాయరా, ఆ ఆశా వర్కర్ పిల్ల పేరు మాత్రం రాయకు, సిగ్గుపడుద్ది" అంది. అందుకే పేర్లు లేకుండా రాస్తున్నాను.

మాది గుంటూరు నల్లచెరువు. అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆ పనిలో దగ్గని మనిషి ఎవరు? ఘాటుకి వచ్చే దగ్గేలే అని రెండు నెలలు లాగించాం. సాయంత్రం పూట జ్వరం మొదలై, మనిషి 42 కిలోలకి వచ్చాక తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆ బరువుకి రోజూ పరగడుపున 3 మాత్రలు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. "మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడకండి, అది రిఫాంపిసిన్ అనే మందు రంగు" అని మొదటి రోజే చెప్పారు. నిజమే చెప్పారు. కానీ ఆ మాట పట్టుకుని మేం మరీ ధీమాగా ఉండిపోయాం.

ఐదో వారంలో అమ్మకి అన్నం సయించడం మానేసింది. పోపు వాసన వస్తే చాలు, వాంతి. మందుల వేడి అనుకున్నాం. నేనే మెడికల్ షాపు నుంచి వాంతుల బిళ్లలు తెచ్చి వేశాను, ఒళ్లు నొప్పులంటే పారాసిటమాల్ కూడా. ఆ ఐదు రోజులు తలుచుకుంటే నామీద నాకే కోపం వస్తుంది.

ఆరో రోజు ఆశా అక్క మాత్రల ఖాళీ అట్టలు చూడటానికి వచ్చారు. మా గదిలో ఉండేది పసుపు బల్బు. అక్క అమ్మ చెయ్యి పట్టుకుని వాకిట్లో వెలుగులోకి తీసుకొచ్చి, పై రెప్ప ఎత్తి "కిందకి చూడు పిన్నీ" అన్నారు. తెల్లగుడ్డు మీద పసుపు నీళ్లు జల్లినట్టుంది. ఆ గదిలో నేను ఎన్నిసార్లు చూసినా నాకు కనపడలేదు. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఇంకా బాగా గుర్తు. "మూత్రం పొద్దున ఎర్రగా వచ్చి సాయంత్రానికి పల్చబడుతోందా, రోజంతా ఒకటేనా?" రోజంతా కాఫీ డికాషన్‌లా ఉందని అమ్మ చెప్పింది. "తమ్ముడూ, ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. డాక్టర్ గారు చూసేదాకా ఇంకో మాత్ర వెయ్యకు" అని, వెళ్లేలోపే ఎవరికో ఫోన్ కూడా చేశారు.

జీజీహెచ్‌లో రక్తపరీక్ష చేస్తే, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 412. 40 లోపో, ఆ దరిదాపుల్లోనో ఉండాల్సింది. కామెర్లని చూపే బిలిరుబిన్ కూడా ఎక్కువే, 4.1. హెపటైటిస్ బి, సి లేవని కూడా చూసుకున్నాక డాక్టర్ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ని దెబ్బతీయగలవట. ఇథాంబ్యుటాల్ మాత్రం లివర్ జోలికి పెద్దగా పోదు. వాంతులు, కామెర్లలాంటివి ఉండి ఎస్‌జీపీటీ 3 రెట్లు దాటినా, ఏ బాధా లేకుండా 5 రెట్లు దాటినా మందులు ఆపేస్తారు. అమ్మది 10 రెట్లు.

మందులు ఆపితే టీబీ తిరగబెడుతుందేమోనని నాకు టెన్షన్. దానికీ దారి ఉందన్నారు. లివర్ మీద భారం పెద్దగా పడని వేరే మందులతో నడిపి, రక్తం రిపోర్టులు దిగాక రిఫాంపిసిన్ మొదలుపెట్టారు. కొన్ని రోజులాగి మళ్లీ పరీక్ష, ఆ తర్వాత ఐసోనియాజిడ్. పైరజినమైడ్ ఇక ఇవ్వలేదు. అందుకే 6 నెలల్లో అయ్యే కోర్సు అమ్మకి 9 నెలలకి సాగింది. అన్ని నెలలూ ఒక్కసారి కూడా విసుక్కోకుండా మాట్లాడిన ఆ డాక్టర్ గారికి నమస్కారాలు. ఓపీ గదుల్లో ఆ రద్దీ చూసినవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది.

పక్కింటి పిన్ని గారి సంగతి కూడా చెప్పాలి. కామెర్లు అనగానే "పసరు పోయించండి, ఉప్పూ నూనే మాన్పించండి" అని పట్టుబట్టారు. డాక్టర్ గారు రెండూ వద్దన్నారు. ఏ పసరులో ఏముందో తెలీదు, అదే లివర్‌కి మళ్లీ పని పెడితే రిపోర్టు ఎందుకు పెరిగిందో కనిపెట్టలేం అన్నారు. పత్యం లేదు, పప్పు, గుడ్డు, పెరుగు ఏది సయిస్తే అది పెట్టమన్నారు. పిన్ని గారు రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి తనే మజ్జిగన్నం కలిపి తెచ్చారు. అమ్మ నోట్లో మొదట ఆగింది అదే.

వచ్చినప్పుడల్లా వెయిటింగ్ డబ్బులు తీసుకోని ఆటో బాబాయ్‌కి, పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లిన ల్యాబ్ కుర్రాడికి, పనిలో అమ్మ చోటు ఇంకొకరికి ఇవ్వకుండా ఆపిన మేస్త్రి అక్కకి థాంక్స్. టీబీ ఉన్నవాళ్ల తిండికని ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ డబ్బులు, నెలకి 1000 రూపాయల లెక్కన, అమ్మ ఖాతాలో పడేవి. కోడిగుడ్లకి ఎక్కువ భాగం అందులోంచే.

అమ్మ ఇప్పుడు 49 కిలోలు. ఆశా అక్క మొన్న కూడా వచ్చి, బాగున్నావా అనడానికి ముందే రెప్ప ఎత్తి చూశారు. చీర పెడతాం అంటే తీసుకోలేదు. టీ తాగి వెళ్లారు. అక్కా, చీర వద్దన్నారు గనక ఈ నాలుగు ముక్కలన్నా ఉంచుకోండి.